నెత్తురు తాగే గబ్బిలం

మస్కట్‌కు దూరంగా ఉన్న సహం అనే ఊరి బజారులో కిరాణా కొట్టు నడిపే హైదరాబాదీ రహీం చెప్పిన మాట ఇది. రహీంకు చెప్పింది ఒక తోటలో కోళ్ల షెడ్డు చూసుకునే కడప దస్తగిర్. ఏమనంటే, సముద్రం వైపు తోటల్లో ఒకదాంట్లోకి నెత్తురు తాగే గబ్బిలాలు దిగాయట. ఆరుబయట మంచం మీద పడుకున్న మనిషి కాలివేలు పట్టుకుని తెల్లవార్లూ తాగాయట. పొద్దున చూస్తే ఆ మనిషి సున్నం కొట్టిన గోడలా పాలిపోయి ఉన్నాడట. ఆ మీదట బతికాడో పోయాడో తెలియదట.

"ఏ తోట భాయ్?" అన్నాడు ఉల్లిగడ్డలు ఏరుతున్న అంజి, ఏమీ ఎరగనట్టు.

"గా మామిడి తోట అంట. మీ తెలంగాణోళ్లే. జర పైలంగ పండుకో."

అంజి సంచి భుజాన వేసుకుని బయటపడ్డాడు. బతికాడో పోయాడో తెలియని ఆ మనిషి స్వయానా తన బావ నర్సింగ్. ఆ పొద్దుటే పచ్చిమిర్చి కొరుక్కుంటూ గిన్నెడు అన్నం తిని గడ్డి కోయడానికి వెళ్లాడు. అసలు ఈ గబ్బిలం మాట పుట్టించింది అంజే. పక్క తోటవాడు కదా అని దస్తగిర్ చెవిన వేశాడు. దస్తగిర్ నోట్లో గింజ వేస్తే పేలమై బయటికొస్తుంది.

జరిగింది మాత్రం ఇది. ఎండలు ముదిరాయి. రేకుల రూము పెనంలా కాగుతుంటే బావాబామ్మర్దులు ఇద్దరూ మంచాలు బయట మామిడిచెట్ల కింద వేసుకున్నారు. ఒక తెల్లవారుజామున నర్సింగ్ లేచేసరికి దుప్పటి కాళ్ల వైపు నెత్తుటితో తడిసి ఉంది. ఎడమకాలి బొటనవేలి పక్కన కండ చీరుకుపోయింది. గుడ్డ కట్టినా చాలాసేపు కారుతూనే ఉంది.

"తెలివి రాలేదా బావా?"

"నిద్రల ఎవరో ఏలు పట్టి గుంజినట్టయింది. కలలకు మీ అక్క వచ్చిందనుకున్న. ఒక్కటి విదిలిచ్చిన. పోయింది."

"మా అక్కను కాలుతోటి తంతవా?"

"కలలనేగా తన్నేది. ఊళ్లె ఉంటే నాకంత ధైర్యమేడిది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వుతూనే నర్సింగ్ తంబాకు డబ్బాలోంచి సున్నం తీసి, పసుపు కలిపి గాయం మీద మెత్తాడు. వాళ్ల వైపు తేలు కుట్టినా, ముల్లు విరిగినా, ఏది కరిచినా ముందు పడేది సున్నమే. కట్టు కట్టుకుని మేకల దొడ్లోకి వెళితే అక్కడ ఎర్రమేక మూతి మీద కూడా చీరుడు గాయం కనబడింది.

కుక్క అన్న మాట ఇద్దరి నాలుక మీదికీ వచ్చింది. ఇద్దరూ మింగేశారు. ఎందుకు మింగారో చెప్పాలి. అంజి చిన్నతనంలో వాళ్ల వాడకట్టులో కుట్టుమిషన్ దేవదాసును కుక్క కరిచింది. గాయం మానింది, జనం మరిచారు, దేవదాసూ మరిచాడు. పత్తి పగిలే వేళకు ఒకనాడు చెంబుతో నీళ్లిస్తే గొంతు పట్టుకుని వెనక్కి విరుచుకుపడ్డాడు. ఆ తర్వాత ఆయన్ని నులకమంచానికి కట్టేస్తే, కిటికీలోంచి చూసిన పిల్లల్లో అంజి ఒకడు. కుక్క అంటే సూదులు. సూదులంటే దవాఖానా. దవాఖానా అంటే గల్లాపెట్టె దగ్గరే 'బతాకా' అంటారు, అంటే గుర్తింపు కార్డు చూపమని.

నర్సింగ్ కార్డు కాలం చెల్లి చాలా రోజులైంది. అతను వచ్చింది మబేలాలోని ఒక కట్టుబడి కంపెనీ వీసా మీద. సైట్ ఆగిపోయి, కంపెనీ మేనేజర్ ఫోనెత్తడం మానేశాక, రూములో ఎసరు పెట్టడానికి బియ్యం లేని పరిస్థితిలో అంజికి ఫోన్ చేశాడు. అంజి పిలిపించుకుని తోటపనిలో పెట్టాడు. మస్కట్‌లో ఉండే అర్బాబ్‌తో, అదే తోట యజమానితో, "మా బావ కాయితాలన్నీ సాఫ్" అని ఒట్టేసి చెప్పింది కూడా అంజే. ఇప్పుడు దవాఖానాకు వెళితే ఆ ఒట్టు కౌంటరు మీదే బద్దలవుతుంది. పోలీసుల చేతిలో పడితే బావ ఇంటికి, వెనకాలే తాను.

అందుకే ఆ మధ్యాహ్నం అంజి ఫోనులో వెతికింది కుక్క గురించి కాదు. నిద్రలో తెలియకుండా కరిచి నెత్తురు తీసేది ఏదని అడిగాడు. ఫోను ఏది అడిగితే అదే ఇస్తుంది. నెత్తురు తాగే గబ్బిలం వీడియో తెచ్చి ముందర పెట్టింది.

చాయ్ వేళకు దస్తగిర్ కూడా వచ్చాడు. ముగ్గురూ ఒకే మంచం మీద తలలు ఆనించి చూశారు. ఆ గబ్బిలం ఒళ్లు బొటనవేలంత. ఎగిరొచ్చి జంతువు మీద వాలదట. దూరంగా నేల మీద దిగి, రెక్కల మణికట్లు ఆనించుకుంటూ ముసలమ్మ కర్రల మీద నడిచినట్టు నడిచొస్తుంది, అవసరమైతే గెంతుతుంది, పరుగెత్తుతుంది. దాని ముక్కు మీద వేడి పసిగట్టే చోటుంది. చర్మం కింద నెత్తురు ఎక్కడ పైపైన పారుతుందో ఆ ముక్కుతోనే చూసుకుంటుంది. అడ్డొచ్చిన వెంట్రుకల్ని మంగలి గొరిగినట్టు పళ్లతో గొరిగేస్తుంది. ముందుపళ్లు బ్లేడు కన్నా పదును. చిన్న గాటు పెడుతుంది, పడుకున్న ఆవు చెవి కూడా ఆడించదు. అప్పుడు తాగడం మొదలెడుతుంది. పీల్చదు, పిల్లి పాలు గతికినట్టు నాలుకతో గతుకుతుంది. దాని ఎంగిలిలో ఒక మందుంది. ఆ మందు తగిలితే నెత్తురు గడ్డకట్టదు, కారుతూనే ఉంటుంది.

"ఇగో, ఇగో. కారుతనే ఉంటదట," అన్నాడు నర్సింగ్, కట్టు కట్టిన కాలు ముందుకు చాపి సాక్ష్యం పెట్టినట్టు.

తన బరువులో సగం నెత్తురు తాగేస్తుంది గనక ఎగరలేదట. అందుకని తాగుతూ తాగుతూనే ఉచ్చ పోసి బరువు దించుకుంటుందట.

"మా మేస్త్రీ ఒకడుండె, వాడూ అంతేన్నా," అన్నాడు దస్తగిర్. "తాగేకాడే కూసోని పోసేవాడు. ఎగరలేక పాయె."

రెండు రాత్రులు వరసగా తిండి దొరక్కపోతే ఆ గబ్బిలం చచ్చిపోతుందట. అందుకని ఆకలితో తిరిగొచ్చిన దాని నోట్లోకి, కడుపు నిండినది తాను తాగిన నెత్తుటిని కక్కి పోస్తుందట. ఎవరు పోశారో గుర్తుంచుకుని, ఆ పోసింది ఆకలితో వచ్చిననాడు ఇది పోస్తుందట. అది విని నర్సింగ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. మబేలా రూములో ఎసరు లేని రోజులు గుర్తొచ్చాయేమో. "గలీజుదే గని, నీతున్నది," అన్నాడు.

"ఇంతకీ యాడుంటాయంట ఇవి?" అన్నాడు దస్తగిర్.

"మెక్సికో, బ్రెజిలు, గా దిక్కేనట. ఇంకెక్కడ లేవట," అన్నాడు అంజి. ఆ మాట వీడియోలో స్పష్టంగానే చెప్పారు.

"మరి ఈడికెట్లొచ్చె?"

"మనం రాలేదా?" అన్నాడు నర్సింగ్. "మనకు రెక్కలు లేవు, అయినా వచ్చినం. దానికి రెక్కలున్నయి గదా."

ఆ నవ్వులో దస్తగిర్ ప్రశ్న కొట్టుకుపోయింది. వీడియో ఇంకా నడుస్తూనే ఉంది. "చాలు తీ, అర్థమయింది," అని అంజి ఆపేశాడు. నర్సింగ్ ముఖంలో పొద్దుట్నుంచీ లేని నెత్తురు అప్పుడు కనబడింది. అంజికీ గుండెల మీది బండ దిగినట్టయింది. గబ్బిలమైతే ఏముంది, తరిమేస్తే సరి. దానికి కార్డు చూపక్కర్లేదు.

తోట మూలన పాత పంపుగది ఉంది. బావిలో నీళ్లు ఉప్పుబారాక దాన్ని వదిలేశారు. మట్టిగోడలు, పైన చీకటి. సందెవేళకు అందులోంచి గబ్బిలాలు గుంపుగా లేచి తోట మీద తిరుగుతాయి. వీడియోలో బొటనవేలంత ఉన్నవి ఇక్కడ పావురమంత ఉన్నాయి. ఆ సంగతి అంజి కంటికి ఆనింది, నోటికి రాలేదు. దస్తగిరే అన్నాడు, "ఇవి పెద్దయి గదన్నా," అని. మళ్లీ తనే, "బాగా తాగి బలిసుంటాయిలే," అని సర్దేశాడు.

పగటిపూట అవి నిద్రలో ఉండగా గది కంతలన్నీ సిమెంటుతో పూడ్చారు. తలుపు సందుల్లో తడిగోతాలు కుక్కారు. లోపల ఎండుమిరపకాయల పొగ పెట్టి బయటినుంచి గొళ్లెం వేశారు. లోపల రెక్కలు కొట్టుకున్న చప్పుడు సాయంత్రం దాకా వినబడింది. అంజి మామిడికాయలు తెంపే పని పెట్టుకుని తోట ఆ చివరికి వెళ్లిపోయాడు.

గాయం మానింది. నర్సింగ్ కుంటడం మానాడు. ఎర్రమేక మూతి మీది పుండూ ఎండిపోయింది. మళ్లీ ఎవర్నీ ఏదీ కరవలేదు. చూశారా, గబ్బిలాలే అని ముగ్గురూ గట్టిగా అనుకున్నారు.

ఒక శుక్రవారం అర్బాబ్ కొడుకు యాసిర్ వచ్చాడు. నెమ్మదస్తుడు, సగం హిందీలో సగం అరబ్బీలో మాట్లాడతాడు. తోటలో అడుగుపెట్టగానే ముక్కు మూసుకున్నాడు. వాసన పట్టుకుని పంపుగది దాకా వెళ్లి గొళ్లెం తీయించాడు. నేల నిండా చచ్చిన గబ్బిలాలు, ఒకదాని రెక్కల కింద ఒకటి దూరి ఉన్నాయి. చంటిపిల్లలూ తల్లుల పొట్టలకు అంటుకునే ఉన్నాయి. కుక్కపిల్ల మూతిలాంటి మూతులు. గోడల వారన కుప్పపడ్డ రెట్టలో రేగుగింజలు, అత్తిపండు పీచు.

"ఎవరు చేశారు?" అన్నాడు యాసిర్.

"నెత్తురు తాగుతున్నాయి," అన్నాడు అంజి.

"ఇవి పండు తింటాయి. మా తాత రోజుల నుంచి ఈ గదిలోనే ఉన్నాయి. నెత్తురు తాగేవి ఈ దేశంలో లేవు. మీ దేశంలోనూ లేవు." చచ్చినదాన్ని ఒకదాన్ని చెప్పు కొనతో పక్కకు జరిపి అడిగాడు, "ఎవరిని కరిచింది?"

అంజి వెనక నిలబడ్డ నర్సింగ్ ఎడమకాలిని ఇసుకలోకి నెట్టుకున్నాడు.

"మేకను," అన్నాడు అంజి.

యాసిర్ ఎర్రమేక మూతి పట్టుకుని మచ్చను చాలాసేపు చూశాడు. "ఇది పళ్లతో చీరింది," అన్నాడు. "దీన్ని వేరుగా కట్టెయ్యి. కొంచెం తేడా కనబడినా ఫోన్ చెయ్యి. ఎంత పనిలో ఉన్నా ఎత్తుతాను."

అతను వెళ్లిపోయాడు. ఇద్దరూ పార పట్టుకుని గొయ్యి తవ్వి గబ్బిలాలను పూడ్చారు. పూడుస్తూ నర్సింగ్, "పాపం పాడుగాను," అన్నాడు. ఆ పాపం గబ్బిలాలదో తనదో అంజి అడగలేదు.

మేక తేడా చూపించడానికి ఎన్నాళ్లో పట్టలేదు. ఒక పొద్దున దాని అరుపు మారింది. గొంతులో గరుకు కాగితం రుద్దినట్టు అరుస్తోంది. ఆ మర్నాటికి గడ్డి తొట్టి చెక్కను కొరకడం మొదలెట్టింది, గోడను పొడిచి పొడిచి నుదురు పగలగొట్టుకుంది. మూతినుంచి చొంగ తీగలు తీగలుగా కారుతోంది. నీళ్ల బకెట్లో మూతి పెడుతుంది, మింగలేక వెనక్కి లాక్కుంటుంది.

"గొంతుల ఏదో ఇరికినట్టున్నది," అన్నాడు అంజి. చొక్కా చెయ్యి పైకి మడిచి మేక దవడ పట్టుకోబోయాడు.

నర్సింగ్ వెనకనుంచి వచ్చి ఒక్క గుంజు గుంజాడు. అంజి వెళ్లి పేడలో పడ్డాడు.

"చెయ్యి పెట్టకు," అన్నాడు నర్సింగ్. "అది పిచ్చిది. దాని జోలికి పోకు."

"నీకెట్ల తెలుసు బావా?"

నర్సింగ్ దొడ్డి గేటు గొళ్లెం వేసి, దానికి వీపు ఆనించి నేల మీద కూలబడ్డాడు.

"నక్కరా," అన్నాడు. "నన్ను కరిచినంక నాలుగొద్దులు గాలేదు, కంచెకాడ నక్క సచ్చి పడున్నది. మూతి నిండ నురగ ఎండుకపోయున్నది. నేనే పారతోటి ఎత్తి రోడ్డవతల పారేసిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు దవాఖాన్లకు గుంజకపోతవు. నిన్ను గూడ పట్టుకుంటరు. నా ఒక్కని కాలు కోసం ఇద్దరి పొయిలు ఆర్పుతనా?" కళ్లు తుడుచుకున్నాడు. "గబ్బిలమే అనుకున్నరా. రోజు దేవునికి మొక్కిన, గబ్బిలమే గావాలె, గబ్బిలమే గావాలె అని."

అంజి ఫోను తీశాడు. ఆనాడు ఆపేసిన వీడియోను ఆపిన చోటునుంచి మళ్లీ పెట్టాడు. ఆ మిగిలిన ముక్క ఎక్కువేం లేదు, ఒక చాయ్ చల్లారే పాటి. ఆ దేశాల్లో నెత్తురు తాగే గబ్బిలాల ఎంగిలిలో పిచ్చికుక్క రోగమే ఉంటుందట. దానివల్ల ఏటా గొడ్లు మందలకు మందలు చస్తాయట. అది కరిచిన మనిషి గాయాన్ని వెంటనే సబ్బుతో కడిగి, ఆ రోజే సూదులు వేయించుకోవాలట.

అంటే గబ్బిలమే అయినా ఇదే దారి. వాళ్లు మొక్కుకున్న మొక్కు తీరినా ఆ మొక్కులో మందు లేదు.

"నీళ్లు తాగు బావా," అన్నాడు అంజి, సీసా మూత తీసి.

"దాహం లేదు."

"తాగు, కాళ్లు మొక్కుత."

నర్సింగ్ సీసా అందుకుని కాసేపు దాని వంకే చూశాడు. అంజి అతని గొంతుముడి వంక చూస్తున్నాడు. గుటక దిగింది. ఇంకోటి దిగింది. నర్సింగ్ సీసా దింపి, "అట్ల జూడకురా," అన్నాడు. "మింగబుద్ధి గాదు."

"లే. పోదాం."

"ఏడికి?"

"దవాఖానకు."

"కార్డేదిరా? కంపెనీ నా మీద పారిపోయిండని రాసిచ్చిందని మబేలోళ్లు చెప్పిన్రు. అటే జైల్ల పెడ్తరు."

"జైల్ల పెట్టనియ్యి. జైల్ల నీళ్లు తాగుతవు గదా."

నర్సింగ్ లేవలేదు. తలను మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. "గాయం మానింది గదా," అన్నాడు లోపల్నుంచి. "మానినంక ఏమైతదిరా." అంజికి దేవదాసు మంచం కళ్లముందు నిలబడింది. ఆయన గాయమూ మచ్చ లేకుండా మానింది.

ఇక అడగలేదు. దొడ్డి చివరికి వెళ్లి యాసిర్‌కు ఫోన్ చేశాడు. చెప్పిన మాట ప్రకారం అతను వెంటనే ఎత్తాడు. అంజి ముందు మేక సంగతి చెప్పాడు, తర్వాత బావ కాలి సంగతి, ఆ తర్వాత కార్డు సంగతి. కాయితాలు సాఫ్ అని మీ నాన్నకు చెప్పింది అబద్ధమని కూడా చెప్పాడు. ఒక్కసారి నోరు తెరిచాక ఏదీ దాచడానికి చేతకాలేదు. లైను తెగిందేమోనని అంజి ఫోను చెవినుంచి తీసి చూసుకున్నాడు.

"మేక దగ్గరికి ఎవరూ వెళ్లకండి," అన్నాడు యాసిర్ చివరికి. "నేను బయల్దేరుతున్నాను. కాలిని సబ్బు పెట్టి కడగండి, నేను వచ్చేదాకా కడుగుతూనే ఉండండి. అబద్ధం సంగతి నాన్నతో నువ్వే చెప్పుకో."

మానిన మచ్చను అంజి బోరు పైపు కింద పెట్టి బట్టల సబ్బుతో రుద్దాడు. ఇప్పుడు రుద్ది ఏం లాభమో అతనికి తెలియదు. నర్సింగ్ చిన్నపిల్లాడిలా కాలిచ్చి కూర్చున్నాడు. గట్టు అవతలనుంచి దస్తగిర్ వచ్చి చూసి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

దవాఖానాలో కౌంటరు దగ్గర అనుకున్నట్టే కార్డు అడిగారు. యాసిర్ అరబ్బీలో ఏదో చెప్పాడు. అక్కడి మనిషి నర్సింగ్‌ను ఎగాదిగా చూసి, ఏదో రాసుకుని, లోపలికి పొమ్మన్నాడు. అది వదిలిపెట్టడమో, తర్వాత పట్టుకోవడమో అంజికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు.

డాక్టరు హిందీ వచ్చినవాడే. కాలు ఎత్తి చూశాడు.

"ఆ రోజు కడిగారా?"

"సున్నం పెట్టినం సాబ్," అన్నాడు అంజి.

"ఎందుకు రాలేదు?"

"గబ్బిలం అనుకున్నం."

"గబ్బిలమైతే రాకూడదా?"

మచ్చ చుట్టూ ఒక మందు, భుజానికి ఒక సూది వేశారు. మళ్లీ ఎప్పుడెప్పుడు రావాలో చెప్పారు, ఒక్కటి కూడా తప్పకూడదన్నారు. కాలు తిమ్మిరెక్కినా, నీళ్లు మింగడం కష్టమైనా పరుగెత్తుకు రమ్మన్నారు. నర్సింగ్ ప్రతి మాటకూ తలాడించాడు.

"ఇగ భయం లేదు గదా సాబ్?" అన్నాడు అంజి.

"రోగం ఇంకా బయటపడలేదు గనక సూదికి దారి ఉంది," అన్నాడు డాక్టరు. "ఆ రోజే వచ్చి ఉంటే భయం లేదని చెప్పేవాణ్ణి. ఇవాళ చెప్పలేను."

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. యాసిర్ మేక సంగతి పశువుల అధికారులకు చెప్పడానికి ఫోను పట్టుకుని అటు వెళ్లాడు. నర్సింగ్ ఫోను మోగింది. రాజేశ్వరి. నర్సింగ్ భార్య, అంజికి తోడబుట్టిన అక్క. రోజూ బీడీల గంప సర్దుకునే ఈ వేళకే చేస్తుంది. నర్సింగ్ ఎత్తి ఫోను అంజి ఒళ్లో పెట్టాడు. అంజి స్పీకరు పెట్టి చెప్పాడు. వేలు, దుప్పటి, నక్క, మేక, సూదులు, డాక్టరు చెప్పలేనన్నది, అన్నీ.

"బతుకుతడా?" అంది అంతా విన్నాక.

"సూదులైతే ఏసిన్రు అక్కా."

"గిన్నొద్దులు ఏం జేసిన్రు మరి?"

"నెత్తురు తాగే గబ్బిలం అనుకున్నమే."

"అనుకోలే. గబ్బిలమైతే దవాఖాన తప్పుతదనుకున్నరు."